ఇండియా గేటు మీద చెక్కిన పేర్లు ఎవరి వీరులవి?

ఢిల్లీలో ఇండియా గేటు వెనక రాతి గొడుగులాంటి ఒక మండపం ఉంది. దాని కింద నేతాజీ సుభాష్ చంద్రబోస్ విగ్రహాన్ని 2022 సెప్టెంబరు 8న ఆవిష్కరించారు. 28 అడుగుల ఆ నల్లరాతి విగ్రహానికి రాయి మన ఖమ్మం నుంచే వెళ్లింది. 280 టన్నుల ఏకశిలను రోడ్డు మీద ఢిల్లీ దాకా చేర్చారు. ఒకప్పుడు అదే మండపం కింద ఐదో జార్జి చక్రవర్తి విగ్రహం ఉండేది.

అక్కణ్ణుంచి ముందుకు నడిచి గేటు గోడలు చూస్తే, వాటి మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కి ఉంటాయి. వాయవ్య సరిహద్దులోనూ, 1919 నాటి మూడో ఆఫ్ఘన్ యుద్ధంలోనూ ఆ ఐదో జార్జి సైన్యంలో ఉండి చనిపోయినవాళ్ల పేర్లవి. రాజు మీదికి సైన్యాన్ని నడిపినవాడు వెనక, రాజు కోసం ప్రాణం ఇచ్చినవాళ్లు ముందు. మనం ఇద్దరికీ దండం పెట్టి, ఐస్‌క్రీమ్ తిని, ఫోటో దిగి వచ్చేస్తాం. రెండు దండాలూ ఒకేసారి ఎలా కుదురుతాయో ఆగి ఆలోచించం.

ప్రపంచంలో ఎక్కడ యుద్ధం వార్తల్లోకి వచ్చినా ఈ గొడవే మళ్లీ లేస్తుంది. ‘దేశం కోసం పోయాడు, వీరుడే’ అని ఒకరంటే, ‘పక్కదేశం మీద పడి చచ్చినవాడు వీరుడెలా అవుతాడు?’ అని ఇంకొకరంటారు. నిజానికి వీళ్లిద్దరూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పడం లేదు. ముందు ఆ ప్రశ్నల్ని విడదీద్దాం.

యుద్ధానికి కారణం వేరు, యుద్ధం చేసే తీరు వేరు

యుద్ధ నీతి గురించి ఆలోచించినవాళ్లు చాలా కాలంగా రెండు తక్కెడలు వాడుతున్నారు. ఈ యుద్ధానికి దిగడం న్యాయమేనా అని తూచడం మొదటిది. దిగాక ఎవరిని చంపుతున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు, లొంగిపోయినవాడిని ఎలా చూస్తున్నారు అని తూచడం రెండోది.

ఈ రెండూ ఎప్పుడూ ఒకే వైపు మొగ్గవు. హిట్లర్‌ని ఓడించడం న్యాయమైన పని, అందులో సందేహం లేదు. కానీ 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ నగరం మీద బాంబులు కురిపించి దాదాపు 25 వేల మందిని చంపింది కూడా ఆ న్యాయమైన పక్షమే. అదే యుద్ధంలో, తప్పు పక్షాన ఉండి కూడా చేతికి చిక్కిన ఖైదీకి నీళ్లిచ్చి కట్టు కట్టిన జర్మన్ సైనికులు లేకపోలేదు.

మొదటి తక్కెడ రాజు చేతిలోనో, మంత్రివర్గం చేతిలోనో ఉంటుంది. రెండోది కొంతలో కొంతైనా సైనికుడి చేతిలో ఉంటుంది. అందుకే పాతకాలపు జవాబు తేలిగ్గా ఉండేది: యుద్ధం తప్పయితే ఆ పాపం రాజుది, సైనికుణ్ణి అడగాల్సింది ఎలా పోరాడావనే. 1949 జెనీవా ఒప్పందాలు నిలబడింది కూడా దాదాపు ఈ పునాది మీదే. పట్టుబడ్డ సైనికుడిది దురాక్రమణ చేసిన దేశమైనా, దాడికి గురైన దేశమైనా యుద్ధఖైదీగా అతని హక్కులు ఒకటే.

చట్టానికి అది సరిపోతుంది. కానీ ‘గౌరవం’ అనే మాట చట్టంలో పుట్టింది కాదు.

గౌరవం అన్న మూటలో ఏమున్నాయి?

విప్పి చూస్తే కనీసం మూడు వస్తువులు కనిపిస్తాయి. ధైర్యం, ఉప్పు తిన్న విశ్వాసం, ధర్మం. మొదటిదాని గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. బందిపోటుకీ గుండెధైర్యం ఉంటుంది. మెచ్చుకుంటాం గానీ దండ వెయ్యం.

చిక్కంతా రెండోదానితోనే. బ్రిటిష్ వాళ్ల సైన్యంలో సిపాయికి అతి పెద్ద బిరుదు ‘నమక్ హలాల్’, అతి పెద్ద తిట్టు ‘నమక్ హరామ్’. మన భాషలో చెప్పాలంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు. ఈస్టిండియా కంపెనీ మొదటి రోజుల్లో తెలుగు నేల నుంచి ఎంతమంది ఈ కొలువులో చేరారంటే, ఉత్తరాది జనం కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారు. మన జాతి పేరే అక్కడ కూలి సిపాయికి మారుపేరయింది. దీనికి గర్వపడాలో, సిగ్గుపడాలో నేనింకా తేల్చుకోలేదు.

ఉప్పు బాకీ ఎంత గట్టిదో, ఎంత బరువో మనకి తెలియంది కాదు. కురుక్షేత్రంలో యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు ఆయుధాలు వదిలేసి, శత్రుసేన మధ్యలోంచి నడిచివెళ్లి భీష్ముడి కాళ్లు పట్టుకుంటాడు. అప్పుడు భీష్ముడు దాచుకోకుండా చెప్పేస్తాడు: మనిషి ధనానికి దాసుడు, ధనం ఎవరికీ దాసి కాదు, కౌరవుల ధనం నన్ను కట్టేసింది. ద్రోణుడు, కృపుడు, శల్యుడు కూడా అదే మాట అంటారు. తమ పక్షాన ధర్మం ఉందని వాళ్లలో ఏ ఒక్కరూ అనరు. జీతం మాట చెప్పి, దీవించి, తర్వాత ప్రాణం పెట్టి యుద్ధం చేస్తారు.

ఆ వెంటనే, అదే మైదానంలో ధర్మరాజు గొంతెత్తి, మా వైపు రాదలచినవాళ్లెవరైనా ఉంటే రండి అని పిలుస్తాడు. ధృతరాష్ట్రుడి కొడుకు యుయుత్సుడు ఒక్కడు కౌరవ సేన వదిలి ఇవతలికి వస్తాడు. భీష్ముడు తిన్న ఉప్పే అతనూ తిన్నాడు. రక్తసంబంధం చూస్తే ఇంకా దగ్గరివాడు.

మధ్యలో వికర్ణుడున్నాడు. ద్రౌపదిని సభకీడ్చినప్పుడు ఇది అధర్మమని లేచి అడ్డుచెప్పిన కౌరవుడు అతనే. అయినా యుద్ధం వచ్చేసరికి అన్నల పక్కనే నిలబడి భీముడి చేతిలో చనిపోయాడు. అతణ్ణి చంపిన భీముడే బాధపడ్డాడని భారతం చెబుతుంది. భీష్ముడు, వికర్ణుడు, యుయుత్సుడు ముగ్గురికీ ఆ పక్షం తప్పని తెలుసు. ఒకరు తెలిసీ సేనాపతి అయ్యారు, ఒకరు మొదట ఎదురుచెప్పి ఆఖరికి ఉండిపోయారు, ఒకరు గీత దాటారు. ముగ్గురికీ ఒకే మార్కు వెయ్యమంటే మనకి చెయ్యి రాదు.

సైనికులంతా సమానమేనా? ఇద్దరు తత్త్వవేత్తల తగువు

అమెరికన్ ఆలోచనాపరుడు మైఖేల్ వాల్జర్ 1970లలో పాత జవాబుకే బలమైన రూపం ఇచ్చాడు. రెండు వైపులా ఉన్న సైనికులు నైతికంగా సమానమే అంటాడు. సైనికుడికి పూర్తి సమాచారం అందదు, దేశం అబద్ధం చెబితే పసిగట్టే దారి ఉండదు, కాదంటే జైలు. ఎదుటివాడూ అలాగే వచ్చాడు. కాబట్టి నిబంధనలకి లోబడి పోరాడినంతవరకు ఇద్దరిలో ఎవరూ నేరస్తులు కారు.

జెఫ్ మెక్‌మహాన్ దీన్ని ఒప్పుకోడు. ఆయన వాదం మన వీధి ఉదాహరణతో చెప్పుకుందాం. అర్ధరాత్రి దొంగ ఇంట్లో దూరాడు. ఇంటాయన కర్ర ఎత్తాడు. దొంగ కత్తి తీసి పొడిచి, ‘నా ప్రాణం కాపాడుకోవడానికే పొడిచాను’ అన్నాడు. ఏ కోర్టూ ఒప్పుకోదు. ఆ ఇంట్లో దూరడమే అతని తప్పయినప్పుడు, అక్కడ ఎదురైన ప్రమాదం చూపించి ఆత్మరక్షణ హక్కు అడగడానికి లేదు. పరదేశం మీద పడ్డ సైనికుడి పరిస్థితీ ఇంతేనంటాడు మెక్‌మహాన్. అతనికి తెలియకపోవచ్చు, బెదిరించి పంపి ఉండొచ్చు. దానివల్ల శిక్ష తగ్గుతుందేమోగానీ చేసిన పని ఒప్పయిపోదు.

వీళ్ల వాదాల్ని ఒక మనిషి మీద పెట్టి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి 10 లక్షల మందికి పైగా సముద్రం దాటారు. అందులో ఒక పంజాబీ రైతుకొడుకుని ఊహించుకోండి. 1917-18లో అక్కడ ఊరికి ఇంతమందిని పంపాలని కోటాలు వేసి, పంపని ఊళ్ల మీద ఒత్తిడి పెట్టారు. ఆ కుర్రాడికి మెసొపొటేమియా ఎక్కడుందో, అక్కడ తగువేమిటో తెలియదు. ఇంటి అప్పు తీరుతుందనీ, తహసీల్దారు వేధింపు ఆగుతుందనీ వెళ్లాడు. మెక్‌మహాన్ తక్కెడలో కూడా ఇతని తప్పు చాలా తేలిక. అదే భూమికి, చదువుకి లోటు లేనివాడు, ఏం జరుగుతోందో తెలిసినవాడు, పదవి కోసం అదే కొలువులో చేరితే? చేసిన పని ఒకటే అయినా బరువు మారుతుంది. ఎంత తెలుసు, ఎంత వీలుంది, కాదంటే ఎంత నష్టం అన్న మూడింటినీ అడగకుండా ‘వీరుడు’ అన్నా, ‘ద్రోహి’ అన్నా తొందరపాటే.

మన్యంలో అల్లూరి సీతారామరాజు దళం లెక్క ఈ రెండు వాదాలకీ మధ్యలో ఎక్కడో పడుతుంది. 1922 సెప్టెంబరులో దామనపల్లి దగ్గర మాటువేసి, ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను వెళ్లనిచ్చి, వెనక వస్తున్న ఇద్దరు తెల్ల అధికారులు కవార్డ్, హేటర్‌లను కాల్చారని చెబుతారు. ఆ పోలీసులూ దొర తుపాకులే మోస్తున్నారు. అయినా నిర్ణయం ఎవరిదో చూసి గురిపెట్టారు.

జలియన్‌వాలాబాగ్‌లో కాల్చినవాళ్లు, పెషావర్‌లో కాల్చనివాళ్లు

1919 ఏప్రిల్ 13న డయ్యర్ ఆజ్ఞ ఇచ్చాడని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. ట్రిగ్గర్ నొక్కిన వేళ్లు ఎవరివన్నది పాఠంలో సాధారణంగా ఉండదు. అక్కడ కాల్చిన 50 మందిలో కొందరు గూర్ఖాలు, మిగతావాళ్లూ ఈ ఉపఖండం సిపాయిలే. దాదాపు పది నిమిషాల్లో 1,650 తూటాలు వాడారు. ప్రభుత్వ లెక్కలోనే 379 మంది చనిపోయారు. ఆ సిపాయిలు క్రమశిక్షణ తప్పలేదు. ఆపమన్నప్పుడు ఆపారు, వరస కట్టి వెనక్కి నడిచారు. విశ్వాసం ఒక్కటే గౌరవానికి కొలత అయితే, ఆ సాయంత్రం వాళ్లని మించిన గౌరవనీయులు లేరు. ఇలా రాసి చూసుకుంటే ఆ కొలత ఎంత తప్పుడుదో నాకు వేరే వాదన అక్కర్లేకుండానే తెలుస్తోంది.

పదకొండేళ్ల తర్వాత, 1930 ఏప్రిల్‌లో పెషావర్. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులైన ఖుదాయీ ఖిద్మత్‌గార్లు నిరాయుధంగా వీధుల్లోకి వచ్చారు. వాళ్ల మీదికి పంపిన దళాల్లో రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ కూడా ఉంది. గఢ్వాలీలు హిందువులు, ఎదురుగా ఉన్నది పఠాన్ ముస్లింలు. మతం పేరు చెప్పి కాల్పించడం తేలికనుకున్నారేమో. కానీ చంద్రసింగ్ గఢ్వాలీ, అతని తోటివాళ్లు నిరాయుధుల మీద కాల్చం అన్నారు. కోర్టు మార్షల్ జరిగింది. చంద్రసింగ్‌కి యావజ్జీవ శిక్ష పడింది, 1941లో గానీ విడుదల కాలేదు.

రెండు ఘటనల్లోనూ ఒకే రాజు, ఒకే ప్రమాణం, ఒకే రకం తుపాకులు. అందుకే ‘సిపాయి ఏం చెయ్యగలడు పాపం’ అన్న మాట పెషావర్ తర్వాత పూర్తిగా నిలవదు. అలాగని ‘అందరూ గఢ్వాలీలా చెయ్యాల్సింది’ అనడమూ ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చున్నవాడికి తేలికే. అతను పోగొట్టుకున్నవి పదకొండేళ్లు.

గాంధీ ఎందుకు మెచ్చుకోలేదు

ఇక్కడ చాలామందికి తెలియని మలుపు ఒకటుంది. అహింస నేర్పిన గాంధీ ఈ గఢ్వాలీలని ఆకాశానికెత్తి ఉంటారనుకుంటాం. అలా జరగలేదు. తర్వాత ఒక ఫ్రెంచ్ పాత్రికేయుడు అడిగినప్పుడు ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: కాల్చమన్న ఆజ్ఞని తిరస్కరించిన సైనికుడు తాను చేసిన ప్రమాణాన్ని తప్పాడు, అది నేరమే. రేపు అధికారం మా చేతికి వస్తే ఈ సైనికులనే, ఈ ఉద్యోగులనే నేను వాడుకోవాల్సి రావచ్చు. ఇవాళ ఆజ్ఞ మీరమని నేర్పితే రేపు నా ఆజ్ఞా మీరుతారు.

చదివి ఉలిక్కిపడ్డాను. కానీ కొట్టిపారేసే వాదన కాదిది. ఏ ఆజ్ఞ పాటించాలో ప్రతి జవానూ సొంతంగా తేల్చుకునే సైన్యం, రేపు ఎన్నికైన ప్రభుత్వం మాట కూడా వినకపోవచ్చు. సైన్యం తిరగబడి పాలన చేజిక్కించుకున్న దేశాలు మన చుట్టూనే ఉన్నాయి. సైనికుడి విధేయత ప్రజాస్వామ్యానికి ఒక గోడ.

ఆ గోడకి తలుపు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. స్వతంత్ర భారతం 1950లో చేసిన ఆర్మీ చట్టం 41వ సెక్షన్‌లో శిక్ష ఉన్నది ‘చట్టబద్ధమైన ఆజ్ఞ’ను ధిక్కరించినందుకు. ఆ ‘చట్టబద్ధమైన’ అన్న మాటే తలుపు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ విచారణల్లోంచి వచ్చిన సూత్రమూ ఇలాంటిదే: పైవాడు చెప్పాడన్నది సాకు కాదు, నైతికంగా వేరే దారి ఎంచుకునే అవకాశం నిజంగా ఉండి ఉంటే. దురాక్రమణ యుద్ధానికి దిగిన నేరాన్ని న్యూరెంబర్గ్‌లో పైవాళ్ల మీదే మోపారు. ఆ యుద్ధంలో పాల్గొన్నందుకే మామూలు సైనికుణ్ణి బోనెక్కించలేదు. అంటే చట్టం సైనికుణ్ణి ‘ఈ యుద్ధానికి ఎందుకొచ్చావు’ అని అడగదు, ‘ఆ బావి దగ్గర ఆడవాళ్లని ఎందుకు కాల్చావు’ అని మాత్రం అడుగుతుంది.

వియత్నాంలో 1968 మార్చి 16న మై లై గ్రామంలో అమెరికన్ సైనికులు పల్లెజనాన్ని చంపుతుంటే, హ్యూ థాంప్సన్ అనే హెలికాప్టర్ పైలట్ తన వాళ్లకీ గ్రామస్తులకీ మధ్య హెలికాప్టర్ దించాడు. తమ సైనికులు గ్రామస్తుల మీద కాలిస్తే వాళ్ల మీదే కాల్చమని తన గన్నర్లకి చెప్పాడు. యుద్ధం న్యాయమైనదా కాదా అన్నది అతను తేల్చలేదు, ఆ యూనిఫాం కూడా విప్పలేదు. జరిగింది జరిగినట్టు ఒప్పుకుని అతనికి పతకం ఇవ్వడానికి సైన్యానికి ముప్పై ఏళ్లు పట్టింది.

1944: రెండు వైపులా మనవాళ్లే

అన్నిటికంటే చిక్కు ముడి ఇదే. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయి, 40 వేలకు పైగా భారతీయ సైనికులు జపాన్ చేతికి చిక్కారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్లలో వేలమందిని న్యూగినియా దాకా తీసుకెళ్లి వెట్టిచాకిరీ చేయించారు, చాలామంది తిరిగి రాలేదు. 1944లో ఇంఫాల్ దగ్గర ఫౌజు ఒక వైపు, బ్రిటిష్ పక్షాన భారతీయ పటాలాలు మరో వైపు నిలిచాయి.

ఇందులో అన్యాయ పక్షం ఏది? మన దేశాన్ని బానిసగా ఉంచిన సామ్రాజ్యం కోసం పోరాడటమా? లేక చైనాలో, ఆగ్నేయాసియాలో అంత రక్తం పారించిన జపాన్ పక్కన నడవడమా? ఫౌజు ఇంఫాల్ వైపు కదలక ముందే, 1944 జనవరి 30న అండమాన్‌లోని హంఫ్రీగంజ్ దగ్గర 44 మంది భారతీయులను గూఢచారులన్న అనుమానంతో జపాన్ సైనికులు కాల్చిచంపారు. అప్పటికి ఆ దీవులు కాగితం మీద ఆజాద్ హింద్ ప్రభుత్వానివే.

1945 నవంబరులో ఎర్రకోటలో షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ఢిల్లాన్ల విచారణ మొదలైంది. తరతరాలుగా బ్రిటిష్ కొలువు చేసిన ఇంట్లో పుట్టిన షా నవాజ్, రాజా దేశమా అన్న ప్రశ్న ఎదురైందనీ, తాను దేశాన్ని ఎంచుకున్నాననీ చెప్పాడు. ముగ్గురికీ యావజ్జీవ ప్రవాస శిక్ష పడింది. దేశమంతా భగ్గుమనడంతో 1946 జనవరిలో సేనాధిపతి ఆచిన్‌లెక్ ఆ శిక్షను రద్దుచేసి, ఉద్యోగం నుంచి తీసేయడంతో సరిపెట్టాడు.

స్వాతంత్ర్యం వచ్చాక కొత్త ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. వాళ్లని వీరులని పొగిడింది గానీ సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. అటు ఇంఫాల్‌లో వాళ్లని ఎదిరించిన పటాలాలే స్వతంత్ర భారత సైన్యమయ్యాయి. మాటల్లో గఢ్వాలీ దారినీ, ఆచరణలో గాంధీ చెప్పిన లెక్కనీ పట్టుకుందన్నమాట. అవకాశవాదం అనవచ్చు. నాకైతే ఆ రోజుల్లో ఇంకో దారి ఉన్నట్టు కనిపించదు.

మనిషికి గౌరవం, పక్షానికి విగ్రహం

1865 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం చివర, బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగిపోయాడు. లొంగుబాటు అందుకున్న ఉత్తరాది సేనాని గ్రాంట్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు: అంత వీరంగా పోరాడి, అన్ని కష్టాలు పడ్డ శత్రువు పతనానికి నాకు సంతోషం కలగలేదు, అయితే ఏ జనమైనా పోరాడిన అతి నీచమైన కారణాల్లో వాళ్లది ఒకటని నేను నమ్ముతాను. మనిషినీ, పక్షాన్నీ విడదీసి, దేని బరువు దానికి ఇంత సూటిగా ఇచ్చినవాళ్లు తక్కువ.

పాతికేళ్లు తిరిగేసరికి, 1890లో రిచ్‌మండ్ నగరంలో గుర్రమెక్కిన లీ విగ్రహం లేచింది. నల్లజాతివాళ్ల ఓటుహక్కును లాక్కుంటున్న కాలమది. ఆ కంచు గుర్రం ఒక సైనికుడి ధైర్యం గురించి మాట్లాడటం లేదు, ఊరు ఎవరిదో చెబుతోంది. 2021 సెప్టెంబరులో దాన్ని దించేశారు. దించడాన్ని వ్యతిరేకించినవాళ్లు మా పూర్వీకుల త్యాగం అన్నారు, దించాలన్నవాళ్లు మా పూర్వీకుల సంకెళ్లు అన్నారు. సమాధి మీద పేరు చెక్కడం ఒకటి, నలుగురూ నడిచే కూడలిలో ఎత్తున నిలబెట్టడం ఇంకొకటి. ఇండియా గేటు గోడల మీది సిపాయి పేర్లు నన్ను ఇబ్బంది పెట్టవు, ఐదో జార్జి విగ్రహం అక్కడే ఉండి ఉంటే ఇబ్బంది పెట్టేది. తేడా ఇదే.

జ్ఞాపకం ఎప్పుడూ ధర్మం లెక్కనే నడవదు లెండి. భీష్ముడి పేరున మాఘమాసంలో మనకి ఏకాదశి ఉంది, ఉపవాసాలుంటాం. పాండవులు రాజ్యం వదిలి వెళ్లిపోయేటప్పుడు పరీక్షిత్తునీ, హస్తినాపురాన్నీ చూసుకోమని అప్పగించింది యుయుత్సుడికి. ఆ పేరున పండగ లేదు. ఆ పేరు పెట్టుకున్న తెలుగువాణ్ణి నేనింతవరకు ఒక్కణ్ణీ చూడలేదు.